ఫారంలో గడి లేని కారణం

నా సబ్జెక్టు ఆటల ఆర్థికశాస్త్రం. రాజమండ్రిలో ఆ మాట చెబితే "అదేంటండీ, ఆటలకి కూడా ఎకనామిక్సా?" అని నవ్వుతారు. పదమూడేళ్లుగా ఆ నవ్వు భరిస్తున్నాను. డెల్టాలో కబడ్డీ ఆడే ఆడపిల్లలు ఇరవై ఏళ్లు దాటకుండానే ఎందుకు మానేస్తారన్నది నా పరిశోధన. దాని మీదే డాక్టరేట్ వచ్చింది, దాని మీదే ప్రొఫెసర్‌నయ్యాను. నాలుగు వందల మందిని అడిగాను. అడగవలసిన ఒక్క మనిషిని మాత్రం అడగలేదు.

ఆ మనిషి క్రిస్టినా. పాలకొల్లులో మా చర్చి వెనక గ్రౌండులో ఆరేళ్లు కలిసి ఆడాం. కూతకొచ్చినవాళ్లను పట్టడానికి ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని నిలబడాలి. నా జత ఎప్పుడూ ఆమే. సరిగ్గా జిల్లా ఫైనల్ రోజునే విశాఖలో నా ఎం.ఏ. సీటుకి కౌన్సెలింగ్ పడింది. ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా రైలెక్కేశాను. ఇప్పటికీ టీవీలో ఆట చూస్తుంటే నా ఎడం చెయ్యి దానంతటదే పక్కకు పోతుంది. ఆమె కావాలనిపిస్తుంది. ఫోన్ చేయడానికి మాత్రం మొహం చెల్లలేదు.

మొన్న శనివారం తెగించి భీమవరం వెళ్లాను. క్రిస్టినా అక్కడ రొయ్యల షెడ్డులో పని చేస్తోంది. భోజనాల వేళ బయటకు వచ్చి, నన్ను చూసి ఆగింది.

"బాగున్నారా అండి?" అంది.

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. సిగ్గులేనిదాన్ని, సంచిలోంచి నా సర్వే ఫారం తీశాను. ఆట మానేయడానికి కారణం పెళ్లా, చదువా, దెబ్బా, ఉద్యోగమా అని వరసగా చదివాను. ఆమె క్యారేజీ మూత తీస్తూ అంతా విన్నది.

"ఇవేవీ కాదు. నువ్వెళ్లాక నా పక్కన ఇంకో అమ్మాయిని పెట్టారు. ఆ పిల్ల మంచిదే. నాకే చెయ్యి ఇవ్వబుద్ధి కాలేదు."

నా ఫారంలో ఆ కారణానికి గడి లేదు. ప్రొఫెసర్‌నట, నా మొహం.

"చెబితే వెళ్లొద్దంటావేమోనని భయపడ్డానే," అన్నాను.

"ఎందుకంటాను? స్టేషన్ దాకా వచ్చేదాన్ని."

"ఆ రోజు ఫైనల్ కదే."

"తెలుసు," అంది క్రిస్టినా. "అయినా వచ్చేదాన్ని."