జత విడదీసిన కండ

మంచు ఆరగానే కల్లంలో కప్పిన పట్టాలు తీసి మిరపకాయల్ని ఎండకి పరవాలి. అంతా సమంగా ఆరడానికి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగాలి. ఆ తర్వాత ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు ఏరతారు. అంకమ్మ ఆ వరసకి చివర కూర్చుని ఎడమ చేత్తో ఏరేది. ఆమె కుడిచెయ్యి కర్రలా చాపుకునే ఉండేది, మోచేతి దగ్గర వంగేది కాదు. జబ్బ ముందు కండ అన్నయ్య యలమందయ్య దగ్గర ఉంది.

దర్శి పక్కన ఆ ఊళ్ళో కండ బదులివ్వడం కొత్తేం కాదు. ఇవాళ నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు అని మారు పని చేసుకునే జనం, ఒంట్లో సత్తువ తగ్గితే కండ కూడా ఇచ్చిపుచ్చుకునేవారు. ఆముదం రాసి భుజం నుంచి మోచేతి దాకా మెల్లగా నిమిరితే అది జారి చేతిలోకొచ్చేది. చూడ్డానికి ఎర్రటి పోగుల కట్ట. కట్టలో చిన్న కట్టలు, వాటిలో వెంట్రుక కన్నా సన్నటి పోగులు, ఒక్కో కట్ట చుట్టూ ఉల్లిపొర లాంటి పొర. రెండు కొసలా తెల్లటి తాళ్ళు. ఆ తాళ్ళే ఎముకని పట్టుకునేవి. అవతలి మనిషి జబ్బకి ఆనిస్తే చర్మంలోకి దిగిపోయేది. పంట ఇంటికొచ్చాక తిరిగిచ్చెయ్యడం పద్ధతి.

భర్త పోయాక అంకమ్మ అన్న ఇంటికొచ్చి చేరింది. ఆ ఏడే యలమందయ్య పచ్చకామెర్లతో చిక్కిపోయాడు. మిరప కోతలయ్యేదాకా అని ఆమె కండ ఇచ్చింది. కోతలయ్యాయి. పత్తి కట్టె పీకేదాకా అన్నాడు. కట్టె పీకారు. బోరు దించేదాకా అన్నాడు.

ఎడమ చెయ్యి అన్నం గిన్నెలో పెట్టకూడదని వదిన గురవమ్మ పట్టింపు. కుడిచెయ్యి గిన్నెదాకా పోయినా నోటిదాకా రాదు. అందుకని ఆకలేసినా వదిన పళ్ళెంలో పెట్టి పిలిచేదాకా అంకమ్మ వంటింటి గడప దగ్గరే కూర్చునేది. కొన్నాళ్ళు పిలుపు తొందరగా వచ్చేది, కొన్నాళ్ళు వచ్చేదే కాదు.

ఎదురింటి జాన్‌బీ ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఎస్టీడీ బూత్ నుంచి గుంటూరుకి ఫోన్ చేసి, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పని కుదుర్చుకుంది. అంకమ్మకి కూడా చోటుంది. కాకపోతే రెండు చేతులూ ఆడాలి.

"అన్నయ్యా, నా కండ ఇచ్చెయ్. సోమవారం జాన్‌బీతో వెళ్ళిపోతాను" అంది అంకమ్మ.

యలమందయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. తనదీ చెల్లెలిదీ రెండు కండలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కొబ్బరికాయంత లేచాయి.

"నువ్విచ్చింది ఇంతే గదా" అని చిటికెన వేలు చూపించాడు. "రోజంతా బరువులకి దీని పోగులు చిట్లుతుంటే, నేను తిన్న పప్పూ నెయ్యితో నిద్రలో అతుక్కుని అతుక్కుని ఇంతయింది. నా నెయ్యితో పెరిగింది నీదెట్టా అవుద్ది?"



"అయినా ఇక్కడ నీకేం తక్కువయిందమ్మా?" అంది గురవమ్మ.

"చెయ్యి తక్కువయింది వదినా."

శనివారం కల్లం దగ్గరికి లారీ వచ్చింది. నలుగురూ చూస్తారని యలమందయ్య నలభై కిలోల మిర్చి టిక్కీని ఒంటి చేత్తో లేపి లారీలోకి విసిరాడు. బస్తా వెళ్ళి పడింది. చెయ్యి మాత్రం మడిచినట్టే ఉండిపోయింది. పిడికిలి భుజానికి అతుక్కుంది. ముందు నవ్వాడు. తర్వాత చెమటలు పట్టాయి. మనుషులు పట్టుకుని లాగితే కేకలు పెట్టాడు. ఉప్పు మూటతో కాపడం పెట్టారు, ఆరెంపీ డాక్టరు వచ్చి సూది వేశాడు. లాభం లేకపోయింది.

కండ లాగుతుందే గానీ నెట్టలేదు. ముడుచుకున్నది మళ్ళీ సాగాలంటే దాని జత వెనక నుంచి లాగాలి. యలమందయ్య జబ్బలో ముందు రెండున్నాయి, వెనక ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ ఓడిపోయింది. బిగిసిన కండ ఆముదానికి కూడా జారదు.

ఆదివారం పొద్దున గురవమ్మ ఆముదం గిన్నె పట్టుకుని అంకమ్మ దగ్గరికొచ్చింది. వెనకాలే మడత చేత్తో యలమందయ్య.

"అమ్మాయ్, నీ వెనక కండ కూడా ఇవ్వు. మీ అన్న చెయ్యి తెరుచుకుంటుంది."

"అదీ ఇస్తే నా చెయ్యి పేలికలా వేలాడుద్ది వదినా."

"వేలాడితే ఏం? ఎటూ ఇక్కడే ఉంటావు. అన్నం నేను కలిపి పెడతాగా."

అంకమ్మ వంటింటి గడప వైపు చూసింది.

ప్రయాణం సంగతి అడగడానికొచ్చిన జాన్‌బీ గుమ్మంలోనే ఆగింది. "జతలో ఒక ఎద్దుని విప్పి ఎవరన్నా బదులిస్తారా యలమందన్నా? ఇచ్చినదానికి బుద్ధి లేదు. పుచ్చుకున్న రైతువి, నీకేమయింది?"

"నోరు ముయ్యి జాన్‌బీ."

"మూస్తాలే. ముందు నీ చెయ్యి తెరువు."

యలమందయ్య పళ్ళు కొరికాడు. గురవమ్మ ఆముదంలో వేళ్ళు ముంచింది.

"ఇవ్వను" అంది అంకమ్మ. ఆ ఇంట్లో ఆ మాట అనడం ఆమెకదే మొదలు. "గోడకి ఆనుకో అన్నయ్యా. చెయ్యి నేను తెరుస్తాను."

అతని మోచేతి మడతలోకి, గడ్డపార దూర్చినట్టు తన చాపిన చెయ్యి దూర్చింది. ఒంటి బరువంతా వేసి కిందికి నొక్కింది. ఆమె వెనక కండ బిగిసి చెయ్యి వంగకుండా నిలబెట్టింది. యలమందయ్య అమ్మా అన్నాడు. పిడికిలి భుజాన్ని వదిలింది. మోచెయ్యి కొంచెం కొంచెంగా తెరుచుకుని చివరికి తిన్నగా చాపుకుంది.

అన్ని నెలలకి ఆ కండని దాని జత సాగదీసింది. అది వదులై, అతని చర్మం కింద కదిలి, చెయ్యీ చెయ్యీ ఆనినచోట ఇటు దాటింది. వేడి ముద్ద గొంతు దిగినట్టు అంకమ్మ జబ్బలోకి పోయి కుదురుకుంది. జాకెట్టు చేతి కుట్లు పటపటా పిగిలాయి.

"నా నెయ్యి..." అన్నాడు యలమందయ్య రొప్పుతూ.

"నీ టిక్కీలు కూడా అదే మోసింది గదన్నయ్యా."

సోమవారం బస్సుకి అంకమ్మ, జాన్‌బీ గుంటూరు చేరారు. కోల్డ్ స్టోరేజీ ముందు పట్టాలేసుకుని ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. హమాలీలు ఇద్దరు చలికి బిగుసుకుపోయిన పెద్ద తలుపుని లాగుతున్నారు. అది కదలడం లేదు. అంకమ్మ వెళ్ళి వాళ్ళ మధ్య పిడి మీద చెయ్యి వేసింది.

"తప్పుకో అమ్మా, దెబ్బ తగులుద్ది" అన్నాడు మేస్త్రీ సిలార్.

ఆమె లాగగానే తలుపు కిర్రుమని తెరుచుకుంది. తెల్లటి చలి బయటికొచ్చి వాళ్ళ కాళ్ళ చుట్టూ తిరిగింది. లోపల కప్పుదాకా టిక్కీల వరసలు.

సిలార్ ఆమె చిరిగిన జాకెట్టు చేతిని చూసి, అందులోంచి పొడుచుకొచ్చిన కండని చూసి, మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఏ పనికి కుదిరావమ్మా నువ్వు?"

తొడిమలు తీసే పట్టా మీద జాన్‌బీ పక్కన చోటు పట్టి చెయ్యూపుతోంది. అంకమ్మ ఒకసారి అటు చూసింది. తర్వాత వంగి, గుమ్మం పక్కనున్న టిక్కీని భుజానికెత్తుకుంది.

"ఇది ఎక్కడ దించమంటారు?" అంది.