ఎర్ర వైపు, తెల్ల వైపు

నేను ఒక కోటుని. పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళు తొడుక్కునే కోటుని. రొమ్ము మీద రెండు వరసల ఇత్తడి గుండీలు, భుజాల మీద బంగారు రంగు జాలరు, జేబు మీద దారంతో కుట్టిన 'న్యూ భాస్కర బ్రాస్ బ్యాండ్, సామర్లకోట' అనే అక్షరాలు. రంగు పండుమిరపకాయ ఎరుపు. ఇంతవరకూ మీరు ఊరేగింపులో చూసేదే. చూడనిది ఒకటుంది. దానివల్లే ఒక మాఘమాసంలో పన్నెండు కుటుంబాల పొయ్యి ఆరిపోబోయింది.

నన్ను కుట్టింది మస్తాన్ భాయ్. స్టేషన్ రోడ్డులో కుట్టుమిషను పెట్టుకున్న సన్నటి మనిషి. బ్యాండు మేస్టారు దేవసహాయం ఆయన ముందు కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"పెళ్ళికొకటి, చావుకొకటి కుట్టించలేం భాయ్. ఒక్కదాంట్లోనే రెండూ అయ్యే దారి ఉందా?"

మస్తాన్ భాయ్ టేపు మెడలో వేసుకున్నాడు. "ఉంది మేస్టారూ. గుండీలు రెండు వైపులా కుట్టాలి. జాలరుకి కొక్కేలు పెట్టాలి. అంతే."

అలా పుట్టాను. తొడిగితే ఎరుపు. జాలరు ఊడదీసి తిరగేస్తే తెలుపు. మామూలు కోటుకి లోపల అంటూ ఒకటుంటుంది. నాకు లేదు. రెండు వైపులా బయటే.

పదిహేనేళ్ళు నన్ను తొడుక్కున్నది యాకోబు. మేస్టారి తమ్ముడు, ట్రంపెట్ వాయించేవాడు. అతని రొమ్ము గాలితో నిండినప్పుడల్లా నా గుండీలు బిగుసుకునేవి. ఎన్ని పెళ్ళిళ్ళలో నా మీద పన్నీరు పడిందో, ఎన్ని శవయాత్రల్లో పేలాలు పడ్డాయో లెక్క లేదు. మనుషులు విచిత్రమైనవాళ్ళు. రెండు చోట్లా మమ్మల్ని గేటు బయటే నిలబెట్టారు. రెండు చోట్లా మేం లేకపోతే మాత్రం బయలుదేరలేదు.

తరవాత డీజే బళ్ళు వచ్చాయి. పెళ్ళిళ్ళు తగ్గాయి. యాకోబు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక ఊదితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం అతను నన్నూ ట్రంపెట్‌నీ తీసుకెళ్ళి మేస్టారి కూతురు సువార్త ఒళ్ళో పెట్టాడు. ఆ అమ్మాయి డిగ్రీ అయ్యి కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతోంది.

"చిన్నప్పట్నించీ దొంగతనంగా ఊదుతున్నావుగా. ఇక దొరలాగ ఊదు."

"నాన్న ఒప్పుకోడు బాబాయ్."

"వాడి మొహం. వాడు ఒప్పుకున్న పని ఒక్కటైనా ఉందా ఈ భూమ్మీద?"

మేస్టారు ఒప్పుకోలేదు. పైగా సంక్రాంతి వెళ్ళిన మర్నాడు పన్నెండుమందినీ కూర్చోబెట్టి తన నిర్ణయం చెప్పేశాడు. మాఘమాసం అయ్యేలోగా పది పెళ్ళిళ్ళు కుదరాలి. కుదరకపోతే వాయిద్యాలన్నీ కాకినాడ ఇత్తడి సామాన్ల వ్యాపారికి తూకానికి వేసేయడమే. తూకం అన్న మాటకి డ్రమ్ము సుందర్రావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన డ్రమ్ములో ఇత్తడి పెద్దగా లేదు. అయినా ఏడ్చాడు.

"పది నేను తెస్తాను," అంది సువార్త. "కానీ ఆ పదింట్లోనూ నేనే ట్రంపెట్ వాయిస్తాను."

మేస్టారు క్లారినెట్ తుడుచుకుంటూ తల ఎత్తలేదు. వద్దని మాత్రం అనలేదు.

ఆ రోజే నా జేబుకి కన్నం పడింది. సువార్త బ్లేడుతో గుండ్రంగా కోసి, అంచు కాజా కుట్టి, ఫోను కెమెరా బయటికి చూసేలా అమర్చింది. బ్యాండు పేరు మీద ఒక పేజీ తెరిచింది. నా మొట్టమొదటి వీడియో ఒక గుడి ఉత్సవంలో తీసింది. ముందు నడిచే దేవుడి పల్లకీ కాదు అందులో కనిపించింది. ఎండకి కాలిన రోడ్డు, పక్కనే సుందర్రావు చేతి కర్రలు, క్లారినెట్ పట్టుకున్న మేస్టారి వేళ్ళు, వాటి సందుల్లోంచి నాట్యం చేస్తున్న జనం. బ్యాండు లోపల నడిస్తే లోకం ఎలా కనిపిస్తుందో అలా.

జనానికి అది నచ్చింది. మూడో వారానికి మా వీధి పిల్లలు మొదలుకుని మస్కట్‌లో పనిచేసే సామర్లకోట డ్రైవర్ల దాకా మా పేజీలో చేరారు. రోజూ పన్నెండుమందిలో ఒకరి కథ పెట్టేది. సుందర్రావు డ్రమ్ము తోలు ఎండలో బిగించడం, మేస్టారు క్లారినెట్ రెల్లుముక్కని చెక్కుకోవడం. ఎవరేం రాసినా ప్రతి ఒక్కరికీ జవాబిచ్చేది. మంచం మీదున్న యాకోబుకి అవన్నీ చదివి వినిపించేది.

"వీడెవడో నీ బాకా బాగోలేదంటున్నాడు బాబాయ్."

"ఏం రాశావ్?"

"మీ పెళ్ళికి వచ్చి సరిచేసుకుంటాం, తేదీ చెప్పండి అన్నాను."

యాకోబు నవ్వి నవ్వి దగ్గాడు. ఆ బాగోలేదన్నవాడు నిజంగానే తేదీ చెప్పాడు. మాఘం సగం అయ్యేసరికి ఏడు పెళ్ళిళ్ళు కుదిరాయి.

అప్పుడు జరిగింది ఆ పొరపాటు.

ఆ రోజు పొద్దున్న వేట్లపాలెంలో ఒక పెద్దాయన్ని సాగనంపాం. మధ్యాహ్నం రెండు గంటలకి పిఠాపురం దారిలో పెళ్ళి. మధ్యలో ఒక బస్ షెల్టర్‌లో ఆగి అందరూ కోట్లు తిరగేస్తున్నారు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని అది. మీరు చొక్కా చేతులు మడుచుకున్నంత మామూలుగా చేసేస్తారు వీళ్ళు. సువార్త ఫోను బెంచీ మీద పెట్టి దాన్ని తీసింది. పన్నెండుమంది, ఒక్క ఊపు, తెలుపు పోయి ఎరుపు. చూడముచ్చటగా ఉంది. 'పది సెకన్లలో పెళ్ళికి తయారు!' అని రాసి పేజీలో పెట్టేసింది.

నేను అరిచేదాన్ని, గొంతుంటే. ఎందుకంటే సుందర్రావు కోటు తిరగేసినప్పుడు దాని మడతలోంచి నాలుగు పేలాలు రాలి బెంచీ మీద పడ్డాయి. అవి కెమెరాలో పడ్డాయి.

గంట తిరక్కుండా ఎవడో రాశాడు: 'అవి పేలాలే కదా? పొద్దున్న వేట్లపాలెం శవం ముందు నడిచింది ఈ బ్యాండే.' ఆ తరవాత నాలుగు వందలమంది. 'ఛీ, చావు కోట్లతో పెళ్ళికా?' అని వాళ్ళలో సగం మంది. తమ పెళ్ళిలో కూడా ఇవే కోట్లా అని మిగిలిన సగం.

రెండు రోజుల్లో ఏడింటిలో అయిదు పోయాయి.

మేస్టారు ఇంటి ముందు నిలబడి అరిచాడు. వీధంతా విన్నది. "తీసెయ్యవే ఆ వీడియో! పరువు తీశావు. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి నువ్వు ఊరందరికీ దండోరా వేశావు!"

"తీసేస్తే దాచినట్టవుతుంది నాన్నా. మనం ఏం దొంగతనం చేశాం?"

"చేసినా బాగుండేది. దొంగని పెళ్ళికి పిలుస్తారు, మనల్ని పిలవరు."

సువార్త లోపలికి వెళ్ళింది. ఏడవడానికనుకున్నాను. నన్ను మేకు మీంచి తీసి తొడుక్కుంది. ఫోను కిటికీలో నిలబెట్టి లైవ్ నొక్కింది. ఎండ నిటారుగా పడుతోంది. తిట్టడానికి వచ్చినవాళ్ళే ముందు వరసలో చేరారు.

"నా పేరు సువార్త. ఇది మా బాబాయ్ కోటు," అంది. గొంతు వణకలేదు. ఆమె గుండె ఎలా కొట్టుకుంటోందో నా ఒక్కదానికే తెలుసు. "ఇది ఎర్ర వైపు." నన్ను విప్పి, దులిపి, తిరగేసింది. "ఇది తెల్ల వైపు. రెండు జతలు కుట్టించుకునే స్తోమత లేక ఇలా కుట్టించారు. ఆరోజు ఉతక్కుండా తిరగేశాం. అది తప్పు, ఒప్పుకుంటున్నా. ఇకనుంచి ఉతికి ఆరేశాకే తొడుక్కుంటాం, కుదరకపోతే మామూలు చొక్కాలతో వస్తాం. కానీ కోటుకి రెండు వైపులు ఉండటం తప్పని మాత్రం ఒప్పుకోను. మీ ఇంట్లో పెళ్ళయినా, చావయినా, మీరు పిలిచింది మమ్మల్నే. మేం ఎప్పుడు, ఎవరికోసం వాయించామో మీకు గుర్తుంటే రాయండి. గుర్తు లేకపోతే తిట్టండి."

అంతలో గుమ్మంలో నీడ పడింది. మేస్టారు. చేతిలో క్లారినెట్. కూతుర్ని పక్కకి జరగమన్నాడు. ఒక పాట ఎత్తుకున్నాడు, మెల్లగా, అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు. వేట్లపాలెంలో ఆ రోజు పొద్దున్న వాయించిన పాటే. ఒక్క చరణం అయ్యాక ఆగాడు. అదే పాట మళ్ళీ ఎత్తుకున్నాడు, రెట్టింపు వేగంతో. అదే పెళ్ళికొడుకు గుర్రం ముందు వాయించే పాట. ఒక్క స్వరం మారలేదు. బ్యాండు వాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. బయటివాళ్ళకి మాత్రం ఆ రోజే తెలిసింది.

"పాట కూడా అంతేనమ్మా," అన్నాడు మేస్టారు కెమెరా వైపు చూడకుండా. "తిరగేసి తొడుక్కుంటాం."

ఆ సాయంత్రం యాకోబు మంచం పక్కన కూర్చుని సువార్త చదువుతూనే ఉంది. 'మా అమ్మానాన్నల పెళ్ళికి మీరే. ముప్ఫయ్యేళ్ళు.' 'మా తమ్ముడు పోయినప్పుడు మీ క్లారినెట్ విని అప్పటిదాకా ఏడవని మా నాన్న ఏడ్చాడు.' 'మాది మాధవపట్నం. ఇద్దరు కోడళ్ళని తెచ్చుకున్నాం, మా అమ్మని కాటికి పంపుకున్నాం, మూడుసార్లూ మీరే.' తిట్లూ వచ్చాయి. కానీ తిట్టినవాళ్ళకి మేం జవాబివ్వాల్సిన అవసరం లేకపోయింది. మిగతా జనమే వాళ్ళ సంగతి చూసుకున్నారు.

పోయిన అయిదింటిలో రెండు వెనక్కి వచ్చాయి. కొత్తగా మరికొన్ని. మాఘం మిగిలిన రోజులు ఒక్కొక్కటే కరుగుతుంటే సువార్త నిద్రాహారాలు మాని ఫోను పట్టుకుని కూర్చుంది. అప్పుడే పెద్దాపురం నుంచి ఒక ఫోను వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు సీతారత్నం. ఎనభై ఒక్కేళ్ళు.

"అమ్మాయ్, నేను పోయినప్పుడు మీరే రావాలి. తేదీ తరవాత చెబుతాలే."

సువార్త పుస్తకంలో ఆవిడ పేరు రాసుకుంది. "అలాగేనండి మామ్మగారూ," అంది.

మేస్టారు విని పెదవి విరిచాడు. "ఆ బుకింగు లెక్కలోకి రాదు. పెళ్ళిళ్ళే అన్నాను."

మాఘ అమావాస్య రోజుకి తొమ్మిది అయ్యాయి. తొమ్మిది. మేస్టారు మాట మాటే. పొద్దున్న పదింటికల్లా కాకినాడ వ్యాపారి తక్కెడ వేసుకుని ట్రక్కు ఆటోలో దిగాడు. వాయిద్యాలన్నీ అరుగు మీద వరసగా పెట్టారు. యాకోబు ట్రంపెట్ మొదట్లో ఉంది. సువార్త నన్ను తొడుక్కుని దాని పక్కనే నిలబడింది.

"తూకం వేసేది నన్ను దాటాకే," అంది.

"ఒసేయ్, తప్పుకో. మాటంటే మాట."

వ్యాపారి తక్కెడ ఎత్తాడు. అప్పుడే రెండో ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక చేతికర్ర దిగింది. తరవాత దానికి పట్టుకుని ఒక ముసలావిడ.

"సువార్త ఎవరు?"

"నేనేనండి."

"నువ్వు వాయించేది నేను చచ్చాక నాకు వినపడుతుందా?"

"...పడదండి."

"మరి వినకుండా ఎలా ఒప్పుకుంటాను? ముప్ఫయ్యారేళ్ళు లెక్కలు చెప్పాను, చూసుకోకుండా ఏ జవాబుకీ మార్కులు వెయ్యలేదు. ఫాల్గుణంలో మా మనవరాలు ప్రణవి పెళ్ళి. దానికి రండి. ముందు అక్కడ వింటాను. నచ్చితే నాది మీకే."

మేస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదో వేలు దగ్గర ఆగి, వ్యాపారి వైపు తిరిగాడు. "టీ తాగి వెళ్ళు బాబూ."

పెళ్ళి పెద్దాపురంలో, పట్టపగటి ముహూర్తం. మగపెళ్ళివాళ్ళు బస్సు దిగారు. ఎదురుకోలు పాట మేస్టారు ఎత్తుకున్నాడో లేదో, అటువైపు పెద్దమనిషి ఒకాయన చెయ్యెత్తి ఆపేశాడు.

"ఆగండాగండి. ఇది ఆ వీడియోలో బ్యాండు కదూ? చావు కోట్లు! ఏటండీ ఇది, మా వాడి పెళ్ళికి దొరికింది వీళ్ళేనా?"

డ్రమ్ము ఆగింది. సువార్త పెదవుల దగ్గరున్న ట్రంపెట్ దించలేదు. సీతారత్నం టీచరు కుర్చీలోంచి లేచి, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి నా ఎదురుగా ఆగింది. నా అంచు పట్టుకుని కొంచెం తిరగేసి చూపించింది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన తెలుపు.

"అన్నయ్యగారూ, ఎర్ర వైపు మా ప్రణవిది. ఈ తెల్ల వైపు నాది. నా వైపు మీకెందుకు? మీరు మీ వైపు చూసుకోండి."

ఎవరో ముందు నవ్వారు. పెళ్ళికొడుకనుకుంటా. తరవాత బస్సు బస్సంతా నవ్వింది. పెద్దమనిషి చెయ్యి దించాడు.

"వాయించమ్మాయ్," అంది టీచరు.

సువార్త వాయించింది. యాకోబు రొమ్ము ఎన్నిసార్లు నింపినా నాకు తెలియని ఊపు అది. గుండీ ఒకటి తెగి ఎగిరిపోయింది. టీచరు కళ్ళు మూసుకుని వింటోంది, జవాబు సరిచూసుకునేవాళ్ళలాగ. పాట అయ్యాక ఒక్క మాటే అంది: "సరే. నాది మీకే." మమ్మల్ని గేటు దాటించి లోపలికి తీసుకెళ్ళి, వసారాలో వరసగా కూర్చోబెట్టి, మొదటి విస్తరి యాకోబు కోసం కట్టించి పంపింది.

మూడేళ్ళయింది. బ్యాండుకి కొత్త కోట్లు వచ్చాయి. స్తోమత పెరిగినా రెండు జతలు కుట్టించలేదు. మస్తాన్ భాయ్ కొడుకు చేత రెండు వైపుల కోట్లే కుట్టించుకున్నారు. ఇప్పుడవి పేజీలో దాచకుండా తిరగేస్తారు. జేబు కన్నం మాత్రం అన్నిటికీ పెట్టించింది సువార్త.

నేను పాతబడ్డాను. జాలరు వెలిసింది, ఊడిన గుండీ దొరకలేదు. మేకుకి వేలాడుతున్నాను. నెలకోసారి పెద్దాపురం నుంచి ఫోను వస్తుంది.

"ఆ పాత కోటు ఉందా? చెదలు పట్టలేదు కదా?"

"ఉందండి మామ్మగారూ."

"ఉండనీ. నాకింకా బోలెడు పనులున్నాయి."

నా తెల్ల వైపు ఉతికి, కలరా ఉండలు వేసి, పైకి కనిపించేలా తిరగేసి ఉంచారు. నేను గానీ, ఆవిడ గానీ ఆ రోజు కోసం ఎదురుచూడటం లేదు. సిద్ధంగా మాత్రం ఉన్నాం.