సుబ్బులమ్మ కొండ మొక్కు

మనవరాలు రూపశ్రీకి కాన్పు సుఖంగా అయితే కొండకు అగ్గి పెడతానని సుబ్బులమ్మ మొక్కుకుంది. చంద్రగిరి దగ్గర ఆ కొండకింద పల్లెలో ఇది తాతలనాటి మొక్కే. ఎండిన గడ్డికి పుల్ల గీసి దండం పెట్టుకుని వస్తే చాలు. పండంటి ఆడబిడ్డ పుట్టింది. ఇక మొక్కు తీర్చకపోతే ఆ పసిదానికేమవుతుందోనని ముసలమ్మకు ముద్ద దిగడం లేదు.

అడ్డమల్లా ఫారెస్టు బీట్ ఆఫీసరు ప్రశాంతి. పోయినేడు ఎవరి మొక్కో అదుపు తప్పి, కిందికి దిగి మునెయ్య మామిడితోటను మసి చేసింది. అప్పట్నుంచి కొండకు నిప్పు పెడితే కేసేనని ఆ పిల్ల ఆటోకు మైకు కట్టి మరీ చెబుతోంది. సుబ్బులమ్మ వినీ విననట్టు ఊరుకుని, మాఘమాసంలో ఓ పొద్దున అగ్గిపెట్టె రొంటిన దోపుకుని బయల్దేరింది. కొండ మొదట్లోనే దొరికిపోయింది.

తిడుతుందనుకుంటే, ప్రశాంతి సంగతంతా విని, బండమీద కూలబడి తన గోడు వెళ్లబోసుకుంది. ఎండలు ముదరకముందే ఊరికీ కొండకీ నడుమ గడ్డిని బండిబాటంత వెడల్పున కాల్చేస్తే, పైనుంచి మంట దిగినా తినడానికేమీ దొరక్క అక్కడే ఆగుతుందట. పైవాళ్ల అనుమతి ఉంది, మనుషులే లేరు. వస్తామన్నవాళ్లలో ఒక్కడూ రాలేదు.

"అవ్వా, కొండకు యాడ అగ్గి పెడతానని మొక్కుకున్నావు?" అని అడిగింది ప్రశాంతి.

సుబ్బులమ్మ తన మొక్కును మాటమాటగా నెమరేసుకుంది. చోటు చెప్పినట్టు గుర్తులేదు.

"ఈడ పెడితే మాత్రం కొండ కాదా? నువ్వే పెట్టు. చుట్టూ నిలబడి ఆర్పుకుంటాం."

"సరే పాపా. ఊరిని నేను పిలుస్తా" అంది ముసలమ్మ.

సర్కారు పనంటే కదలని ఊరు సుబ్బులమ్మ మొక్కు పొంగలికి పిల్లాజెల్లాతో దిగింది. విస్తరి ముందు కూర్చోవాలంటే ముందు మంట ఆర్పడానికి పచ్చి కానగమండ పట్టాలన్నది ఆమె షరతు. ఆమె పుల్ల గీసింది. జనం రెండు పక్కలా మండలతో మంటను కొడుతూ నడిచారు. తోట పోగొట్టుకున్న మునెయ్య అందరికంటే గట్టిగా బాదాడు. మధ్యాహ్నానికి ఊరికీ కొండకీ మధ్య నల్లటి బాట పడింది.

చైత్రంలో కొండ నిజంగానే అంటుకుంది. మంట బుసకొడుతూ దిగివచ్చి, ఆ బాట దగ్గర ఆగి, కాసేపటికి చల్లారిపోయింది. మునిమనవరాలిని చంకనేసుకుని చూస్తున్న సుబ్బులమ్మకు సంతోషంతో ఏడుపొచ్చేసింది.

పక్కనే ఉన్న ప్రశాంతి, మరి వచ్చే మాఘానికి జనాన్ని ఎట్లా తేవాలని అడిగింది.

"అప్పుడే మొక్కేసుకున్నా" అంది సుబ్బులమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఈసారి చోటు కూడా చెప్పినాను."