డోరు మీద మిగిలిన మాట

హోసూరులో బాగలూరు రోడ్డు మీద సోమప్ప వాటర్ సర్వీసు షెడ్డు పొద్దున్నే తెరుస్తారు. ముందు నీళ్ళు కొట్టేది, తర్వాత షాంపూ నురగ, ఆ తర్వాత మట్టి గుడ్డ. బెంగుళూరు నుంచి తెప్పించే గుడ్డ అది, ఒక పక్క మెత్తని బంకమట్టి పూత ఉంటుంది. ఫ్యాక్టరీల ఇనుప రజను పెయింటులోకి దిగి, ఎంత కడిగినా పోకుండా మొండిగా కూర్చోనుంటుంది కదా, దాన్ని ఈ గుడ్డే లాగల. సబ్బునీళ్ళు చల్లి, వెన్న పూసినట్ల మెల్లగా జరపల. చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని తడిమితే ఇంకా గరుకుందో లేదో వేళ్ళకు తెలిసిపోతుంది.

రజనుతో పాటు మాటలూ వస్తాయి. కారుకు ఆనుకుని ఎవరేం మాట్లాడినా పెయింటుకు అంటుకుంటుంది. నీళ్ళకు పోదు. గుడ్డ జరిపితే మాత్రం మాట్లాడినోళ్ళ గొంతుతోనే ఊడి వస్తుంది. అల్లుణ్ణి తిట్టిన తిట్లు, పిల్లోళ్ళ ఎక్కాలు, ఫోన్లో చెప్పిన అబద్ధాలు, అన్నీ. ఒకసారి ఊడితే మళ్ళీ వినపడవు. పనోళ్ళు వినీ విననట్ల రుద్దుకుంటా పోతారు. "పక్కోళ్ళ ఇంటి సంగతి మనకెందుకప్పా" అంటాడు సోమప్ప.

ఆ షెడ్డులో గుడ్డ పని ముఖేశ్‌ది. కెలవరపల్లి దిక్కు రైతుల బిడ్డ, మెత్తని చెయ్యి. నురగ కడిగేది పాపక్క, గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. కారుకు గీత పడకూడదని చేతి గాజులకు పాత గుడ్డ చుట్టుకుని పనిలోకి దిగుతుంది. ముత్తైదువ గాజులు తీసేది లేదు కదా మరి.

రోజాతోటల వెంకటరామప్ప కొత్త నల్ల కారు తెచ్చిన రోజు, ముఖేశ్ చేతిలోంచి మట్టి గుడ్డ జారి నేల మీద పడింది. అట్ల పడితే నాలుగు నీళ్ళలో జాడించి కానీ వాడకూడదు. వాడేం చేసినాడు? వాళ్ళింట్లో కొడవలికి కాలు తగిలినా, విత్తనాల చేట జారినా ఏం చేస్తారో అదే చేసినాడు. ఎత్తి భక్తిగా కళ్ళకు అద్దుకున్నాడు. అన్నం పెట్టే వస్తువు కింద పడిందే అన్న బాధలో దానికంటిన ఇసుక గుర్తే రాలేదు. నేరుగా బానెట్ మీద పెట్టి రుద్దేసినాడు. చూసుకునేసరికి అద్దం లాంటి నలుపు మీద గుండ్రంగా తెల్లగీతలు!

ముఖేశ్ బానెట్ కాడినుంచి వెనక్కి జరిగినాడు. డోరుకు ఆనుకుని, "అయ్యో, కింద పడిన గుడ్డతో రుద్దేస్తినే. ఇప్పుడేం చెప్పేది?" అని గొణుక్కున్నాడు. వెంకటరామప్ప వచ్చి అరిచినాడు. ముఖేశ్ దూరంగా జరిగి నిలబడి, "నేను కాదు సార్, పాపక్క గాజులు తగిలినాయి" అనేసినాడు. అనేసి, ముఖం కడుక్కునే నెపంతో కొళాయి కాడికి పోయినాడు. తిరిగొచ్చేసరికి ఆమె డోరు పట్టుకుని చెప్పులేసుకుంటా ఉంది. వాని దిక్కు చూడలేదు. సోమప్ప ఆమెను ఆ పొద్దే పనిలోంచి పంపించేసినాడు.

ఆ తర్వాత ముఖేశ్‌కు తిన్నది ఒంటబట్టలేదు. పాపక్క మత్తిగిరి పశువుల ఫారంలో పేడెత్తే కూలికి పోతోందని తెలిసి, ఆ దారిన బస్సెక్కేదే మానేసినాడు. చెప్తే పని పోతుంది, కుదిరిన పెండ్లీ పోతుంది. సిగ్గుతో చస్తా ఉన్నా, రేపు చెప్తా, రేపు చెప్తా అని నెలలకు నెలలు నెట్టినాడు, సన్నాసి.

కూతురి పెండ్లి ముందర వెంకటరామప్ప మళ్ళీ అదే కారు తెచ్చినాడు. అప్పటినుంచి దానికి మట్టి గుడ్డ తగల్లేదు. తన గొణుగుడు డోరు మీద అట్లే ఉంది. ముఖేశ్ బయటికి తొంగి చూసినాడు. సోమప్ప, వెంకటరామప్ప బయట టీ తాగతా ఉండారు. ఇప్పుడే రుద్దేస్తే ఎవరికీ వినపడదు, పీడ విరగడ. కంప్రెసర్ ఆన్ చేసి, ఆ చప్పుడు మరుగున గుడ్డ తీసుకుని డోరు మీద మెల్లగా జరిపినాడు.

మొదట వచ్చింది వాని గొంతు కాదు. ఆ చోట కడపట అన్న మాటే పైన ఉంటుంది కదా. అది పాపక్క గొంతు.

"గుడ్డ పడింది నేను చూస్తినే. భయపడి అనేసినాడు, పెండ్లి కుదిరినోడు. పోనీలే, రెండు దినాల్లో వాడే వచ్చి చెప్తాడు. మంచోడే."

ముఖేశ్ చెయ్యి ఆగిపోయింది. ఆయమ్మ తిట్టిపోసి ఉన్నా ఇంత అవమానం అనిపించేది కాదు. మంచోడనింది, ఎదురుచూసింది. తనేమో ఇప్పుడు ఈడ దొంగ మాదిరి మాట చెరిపేస్తా ఉండాడు.

కంప్రెసర్ ఆపి కేకేసినాడు. "సోమప్పన్నా! సార్! ఇట్ల రండి, మీరు వినాల్సింది ఒకటుంది."

ఇద్దరూ టీ గ్లాసులతోనే వచ్చినారు. వాళ్ళ ముందర గుడ్డ జరిపినాడు. "అయ్యో, కింద పడిన గుడ్డతో రుద్దేస్తినే. ఇప్పుడేం చెప్పేది?" తన గొంతు తనకే అసహ్యం వేసింది. వెంకటరామప్ప తల తిప్పుకున్నాడు. సోమప్ప టీ గ్లాసు కింద పెట్టి, "ఆయమ్మ గాజులకు గుడ్డ చుట్టుకునేది నేను దినమూ చూస్తిని కదరా. నాకైనా తట్టల్లేదే" అన్నాడు. "పో, పిల్చుకొని రా. నువ్వే పిలవల."

మత్తిగిరిలో పాపక్క పేడగంప దించి అంతా విన్నది. ముఖేశ్ కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది.

"మొక్కులు నాకొద్దప్పా. నువ్వే వస్తావని చూస్తిని. బస్సాగినప్పుడంతా తలెత్తి చూస్తిని."

"తప్పయిపోయింది పాపక్కా. సోమప్పన్న రమ్మన్నాడు."

"సోమవారం వస్తాలే. కానీ ఈడ చెప్తే ఎవరికి తెలుస్తుంది? కారు చెడగొట్టిందంట, తరిమేసినారంట అని మా ఊర్లో అంటా ఉండారు. నా కోడలు కూడా నమ్మింది. ఆడికొచ్చి చెప్పు."

సాయంత్రం ఆమె ఊర్లో డెయిరీ ముందర, పాలు పోసేదానికి క్యాన్లతో ఆడోళ్ళంతా నిలబడినప్పుడు ముఖేశ్ చెప్పినాడు. నేల చూస్తా గొణిగినాడు. "ఏందప్పా, వినపడల్లేదు" అని వెనకనుంచి ఒకామె అనింది. గట్టిగా, మొదటినుంచి, ఒక్క ముక్క దాచకుండా మళ్ళీ చెప్పినాడు. అందరూ వాని ముఖమే చూస్తా ఉంటే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పోదామని వెనక్కి తిరిగినాడు.

పాపక్క వాని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండప్పా, ఇంకొకసారి చెప్పు. మా కోడలు ఇప్పుడే వస్తా ఉంది."