దిండు గలీబులు

"ఇంట్లో తలలు మూడు, దిండు గలీబులు డజను పైన. మీ తోడికోడళ్ళిద్దరూ బజారుకెళ్తే ఇంకేమీ కనబడవా?" అని కిందటేడు భర్త జోకు వేస్తే అత్తగారు పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది మరి!

ఏటా ఒకసారి ఆఫీసుకు సెలవు పెట్టి, రెండు పూటలకూ వండి మూతలు పెట్టి, పక్కవీధిలోని తోడికోడలితో ఆమె వెళ్ళేది బజారుకు కాదు, రొమ్ము పరీక్షకు. మొదటిసారి నిజమే చెప్పింది పాపం. నొప్పేమైనా ఉందా అన్నాడాయన. లేదంది. లేని రోగాన్ని వెతుక్కుంటూ పోవడానికి నీకు పనేం లేదా అన్నాడు, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. అత్తగారైతే "ఛీ, అక్కడ చూపించుకుంటారా?" అని మొహం తిప్పేసుకుంది. ఆ ఇంట్లో ఆ చోటుకు 'అక్కడ' అనే పేరు. ఆయన అక్కగారు పోయినప్పుడు కూడా 'అక్కడేదో గడ్డ' అని గుసగుసలాడుకున్నారంతే. పాపం ఆ మనిషి చివరి రోజుల్లోనూ ఎవరైనా గదిలోకొస్తే దుప్పటి మెడదాకా లాక్కునేది.

బజారని చెబితే ఆయన ఒక్క విసుగుతో వదిలేసేవాడు. అందుకే ఏటా ఆసుపత్రి ఎదురు కొట్లో చేతికందిన గలీబులు కొని, సంచీ ఊపుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళు.

ఈ ఏడాది తోడికోడల్ని ఇట్టే పంపించేశారు. ఆమెను మాత్రం మళ్ళీ లోపలికి పిలిచి, ఎడమవైపు ఇంకోసారి పలకల మధ్య నొక్కి ఫోటో తీశారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇక్కడో మచ్చ కనబడుతోంది, ప్రతి మచ్చా జబ్బు కాదు, కానీ సూదితో చిన్న ముక్క తీసి చూడాలి, సోమవారం ఇంట్లోవాళ్ళతో రండి అని చెప్పింది.

సోమవారం ఇంట్లో ఏం చెప్పి రావాలి? ఆమెకు ముందుగా వచ్చిన ఆలోచన అది. ప్రాణం మీదికొస్తుంటే సాకు వెతుక్కుంటున్నానా అని తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. భయం ఆ తర్వాత వచ్చింది. తోడికోడలు అలవాటు చొప్పున ఎదురు కొట్టువైపు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. ఇవాళ ఏమీ కొనొద్దు."

రాత్రి భోజనాల దగ్గర ఆయన చుట్టూ చూశాడు. "ఏం, ఈసారి గలీబులు దొరకలేదా?" అత్తగారు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉంది.

ఆమె గరిటె కింద పెట్టింది. "ఇన్నేళ్ళూ మేం వెళ్ళింది రొమ్ము పరీక్షకు. ఇవాళ ఎడమ రొమ్ములో మచ్చ కనబడింది. సోమవారం ముక్క తీస్తారు. మీరు సెలవు పెట్టి నాతో రావాలి."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తల్లివైపు చూశాడు. భార్యవైపు చూడలేక, "నొప్పి లేదన్నావుగా" అని గొణిగాడు.

"మీ అక్కకూ నొప్పి లేదురా," అంది అత్తగారు. నవ్వు ఎప్పుడు పోయిందో, మొహం పాలిపోయి ఉంది. "రొమ్ములో గడ్డ తగులుతోందమ్మా అని నాకు చూపించింది. నేనే, ఎవరికీ చెప్పకే అన్నాను."