వెర్నా కారులో మర్యాద

కారులో ముగ్గురుండి, అద్దానికున్న టోల్ డబ్బా మీద ఆ సంగతి తెలిపే మీట తిప్పితే ఎక్స్‌ప్రెస్ లేన్‌లో ఏమీ కట్టక్కర్లేదు. అందుకే వెర్నా అనే ఆవిడ రోజూ పొద్దున్నే వుడ్‌బ్రిడ్జ్ పార్కింగ్ దగ్గర ఇలాంటి కార్ల కోసం వరుసలో నిలబడ్డవాళ్లలో ముక్కూమొహం తెలియని ఇద్దరిని పెంటగాన్ దాకా ఎక్కించుకుంటుంది. ఎక్కినవాళ్లు తమంతట తాము నోరు విప్పకూడదన్నది ఆ వరుసలో అందరూ పాటించే మర్యాద. వెర్నా దగ్గర అది చట్టం. మొన్న "వాన పడేలా ఉందండీ" అన్న బట్టతలాయన్ను, "వాన సంగతి నేను చూసుకుంటాను, మీరు కూర్చోండి" అని కసిరింది.

ఇవాళ మళ్లీ ఆయనే ముందు సీట్లో, వెనక ఓ నర్సు. దారంతా ఆయన టోల్ డబ్బా వైపు చూడటం, గొంతు సవరించుకోవడం. వెర్నా ఒక్క చూపు చూసేసరికి అదీ ఆగిపోయింది.

పెంటగాన్ దగ్గర దిగి, తలుపు వేసి, ఆయన కిటికీ మీద తట్టాడు.

"దిగాను కాబట్టి మాట్లాడొచ్చు కదండీ. మీరు మీట తిప్పలేదు. ఒక్కరే వచ్చినట్టు టోలంతా పడుంటుంది."

"ఎప్పుడు చూశారు?"

"బెల్టు పెట్టుకుంటున్నప్పుడే."

"మరి అప్పుడే చెప్పి చావొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నానండీ. వాన సంగతి గుర్తొచ్చింది."