కింది గొంతు

ఇరవై మూడో బియ్యం బస్తా దింపుతూ నర్సింహ "దూం దుదూం" అని సాయంత్రం పాటలో తన వరస సరిచూసుకున్నాడు. కెనడాలో ఏజాక్స్ అనే ఊళ్లోని ఇండియన్ గ్రోసరీ గోడౌన్‌లో అతని పని అదే. ట్రక్కు వస్తే దించడం, లోపల పేర్చడం. యాభై తొమ్మిదేళ్లు, పొట్టి మెడ, పీపాలాంటి ఛాతీ. గొంతు బావి అడుగున బిందె తగిలినట్టు మోగుతుంది.

ఆ గొంతుకు విలువ కట్టినవాడు ఒక్కడే. అదే గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన ముసలి నల్లజాతి మనిషి, క్లారెన్స్. అతని అన్నలు నలుగురు కుర్రతనంలో రిథమ్ అండ్ బ్లూస్ పాటలు పాడేవారట. అవే పాటల్ని శుభ్రంగా తల దువ్వుకున్న నలుగురు తెల్లకుర్రాళ్లు పాడితే రేడియోలన్నీ మోగాయి. సరుకు ఒకరిది, అంగడి ఇంకొకరిది. ఆ కోపం చల్లారకుండానే క్లారెన్స్ పోయాడు. పోయేలోగా లంచ్ బ్రేకుల్లో నర్సింహ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, పై గొంతులన్నిటికీ పునాదిలా మోగే కింది వరస నేర్పాడు.

ఆ పాటలతోనే పక్క ఊరు మార్కమ్‌లో నలుగురి బృందం పుట్టింది. ముందు గొంతు రిటైర్డ్ ఇంజనీరు త్యాగరాజు గారిది. మధ్యలో ఇద్దరు. కింద నర్సింహ. పదకొండేళ్లుగా పాడుతున్నారు.

ఆ సాయంత్రం తెలుగు సంఘం వార్షికోత్సవం. నలుగురూ ఒకే రకం మెరూన్ కోట్లు వేసుకుని పాడిన మొదటి పాటకు చప్పట్లు గట్టిగానే పడ్డాయి. విరామంలో సౌండ్ చూసే సంజయ్ ఫోన్‌లో ఆ పాట వీడియో పెట్టాడు. నర్సింహ నోరు కదులుతోంది. గొంతు లేదు.

"నా గొంతేది బిడ్డా?"

"మీ మైక్ మ్యూట్ చేశా అంకుల్. త్యాగరాజు అంకులే చెయ్యమన్నారు. లాస్ట్ త్రీ షోస్ నుంచీ అంతే. మీకు తెలుసనుకున్నా."

త్యాగరాజు గారు గ్రీన్‌రూమ్‌లో సమోసా తింటున్నారు.

"ఏం సార్, నా మైకు బంద్ పెట్టిచ్చినవట?"

"అరవకయ్యా. నువ్వు అపశ్రుతిలో పోతున్నావని ముందు వరసలో డాక్టర్లంతా కంప్లయింట్. భజనలో అందరూ ఒకే వరస పాడుతుంటే ఒకడు వేరే దారి పట్టినట్టుందిట."

"ఇది భజనా సార్? నాది వేరే వరసనే. గట్లుంటెనే పాట నిలవడ్తది. గా సంగతి నీకు ఎరుక లేదా?"

"తెలుసు. వాళ్లకి చెప్పేదెవరు? అయినా జనానికి వినపడకపోతే ఏం పోయింది? పక్కనున్న మాకు వినపడతావుగా. నువ్వు లేకపోతే మేం శ్రుతి ఎక్కడ పట్టుకుంటాం?"

నర్సింహకు క్లారెన్స్ గుర్తొచ్చాడు. క్లారెన్స్ అన్నల పాటను ఎత్తుకుపోయారు, నిజమే. ఎత్తుకుపోయినవాళ్లు కనీసం జనానికి వినిపించారు. వీళ్లు తన గొంతు మీద ఎక్కి నిలబడి, దాన్నే పూడ్చేశారు.

"గోడౌన్ల మోస్త సార్, జీతమిస్తరు. ఈడ మిమ్మల్ని ఎందుకు మొయ్యాలె? మీ కాళ్ల మీద మీరు నిలవడి పాడుండ్రి."

"ఇంకో పాటుంది కదయ్యా! ఈ పొగరేంటి?"

"అంకుల్, మైక్ ఆన్ చేస్తా, రండి," అన్నాడు సంజయ్.

నర్సింహ తలుపు మెల్లగా లాగి పార్కింగ్ వైపు నడిచాడు.

స్టేజీ మీద ముగ్గురే మిగిలారు. మొదటి చరణమే మరీ పై శ్రుతిలో ఎత్తుకున్నారు. రెండో చరణానికి ఎవరి శ్రుతి వాళ్లదైంది. పై స్థాయి దగ్గర త్యాగరాజు గారి గొంతు పగిలింది. మైకు పట్టుకుని, టెక్నికల్ ప్రాబ్లమ్ అన్నారు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

గ్రీన్‌రూమ్‌లో కుర్చీ వీపుకు, చంకల దగ్గర ఇంకా చెమట ఆరని మెరూన్ కోటు ఒకటి వేలాడుతోంది.